ఇంజనీరు గారికి పెద్ద పేరు

గాబ్రొవో ఊరివాళ్ళు డబ్బు దగ్గర పిసినారులే గానీ, పిలుపు దగ్గర మహా ధారాళం. మగ్గం బాగు చేసినవాణ్ణల్లా ఇంజనీరంటారు. నేతమిల్లులో ముప్ఫై ఏళ్ళుగా కొత్తవాళ్ళకు పని నేర్పిన మ్లాదెన్‌నూ అలాగే పిలిచేవారు.

ఆ ఏడు మిల్లులో పాఠాలన్నీ కంప్యూటరు తెరల మీదికి ఎక్కాయి. వాటిని చూసుకోవడానికి కొత్త ఉద్యోగం పుట్టింది. దానికి పేరు పెట్టే పని సిబ్బంది విభాగంలోని యోర్దాంక మీద పడింది. ఉద్యోగం మ్లాదెన్‌దేనని అందరి నమ్మకం. పాత శిక్షణ గది మూసేస్తున్నారు కాబట్టి, ఇది రాకపోతే ఆయన ఇంటికే.

"తెరపాఠాల శిక్షకుడు అని పెట్టెయ్, చాలు. పేరు గొప్ప ఊరు దిబ్బ ఎందుకు?" అంది పక్కబల్ల పెన్క.

యోర్దాంకకు అది చప్పగా తోచింది. పద్దెనిమిదేళ్ళప్పుడు తెగిన దారం ముడెయ్యడం ఆమెకు నేర్పింది ఆయనే.

"ఇంజనీరు గారిని పట్టుకుని శిక్షకుడేమిటే?" అని, ప్రభుత్వం వారి ఉద్యోగాల జాబితాలోంచి 'డిజిటల్ శిక్షణ నిపుణుడు' ఏరి సోఫియాలోని పెద్దాఫీసుకు పంపింది. ఆ పేరుకు డిగ్రీ తప్పనిసరి. ఇంజనీరుకు డిగ్రీ ఉందా అని ఎవరు చూస్తారు? ఆయన ఫైలు తన వెనక బీరువాలోనే ఉన్నా ఆమె తియ్యలేదు.

పేరు మంజూరైంది. "పట్టా తెచ్చివ్వండి ఇంజనీరు గారూ" అంది సంబరంగా.

మ్లాదెన్ టోపీ తీశాడు. "లేదమ్మా. నాన్న పోయాక మూడో ఏడు కాలేజీ మానేశాను. ఇక్కడ చేరిన రోజే ఎవరో ఇంజనీరన్నారు. కాదనడానికి నోరు రాలేదు. తర్వాత చెప్పే రోజులు దాటిపోయాయి."

యోర్దాంక పెద్దాఫీసుకు ఫోన్ చేసి, పేరు మార్చమని బతిమాలింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

"పేరు మీరు పెట్టిందే కదండీ" అన్నారు వాళ్ళు. పట్టా ఉన్న ఒకమ్మాయిని పంపారు.

చివరి రోజు ఆయన తన ఉద్యోగ పుస్తకం కోసం వచ్చాడు. అందులో మొదటినుంచీ ఉన్న హోదా ఒక్కటే, మగ్గాల మెకానిక్. దాని కింద యోర్దాంక ముగింపు తేదీ వేసింది. కన్నీళ్ళు ఆగలేదు.

"మీ పొట్ట నేనే కొట్టాను" అంది.

"ఊరుకో తల్లీ. నువ్వు మంచి పేరే పెట్టావు." ఆయన పుస్తకాన్ని కోటు లోపలి జేబులో దాచుకున్నాడు. "మా ఆవిడ ఫోన్ చేస్తుందేమో. వయసైందని పంపేశారని చెప్పమ్మా. పట్టా సంగతి ఎత్తకు. పెళ్ళై ఇరవై ఎనిమిదేళ్ళు, తనకీ తెలీదు."