బనాంబర్ కుడిచేయి

తీగను సన్నగా సాగదీసే కమ్మచ్చు రంధ్రంలోకి వెండితీగ మొన దూర్చి బనాంబర్ ఎడమచేతి పటకారుతో లాగుతున్నాడు. కుడిచేయి ఒళ్లో పడి ఉంది. దాని వేళ్లు ఒకదానితో ఒకటి పడనట్టు తలోదిక్కుకూ తిరిగి ఉన్నాయి. లాగినప్పుడల్లా పక్కటెముకల్లో పోటు. కటక్‌లోని ఆ వీధిలో అందరిదీ వెండితీగ పనే. అతను తీగతో అల్లే నెమళ్లు అందరి నెమళ్లలాగే ఉండేవి.

గుడిలో వెండి కిరీటం పోయినప్పుడు పోలీసులు కంసాలులందరినీ పట్టుకెళ్లారు. మిగతావాళ్లకోసం ఎవరో ఒకరు వచ్చి చెప్పుకున్నారు. ఇతనికి భార్య తప్ప ఎవరూ లేరు.

స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ రౌత్‌రాయ్ అతని పటకారుతోనే అతని చూపుడువేలు పట్టుకున్నాడు.

“కరిగించిన వెండి ఎక్కడ పెట్టావురా?”

తెలియదన్నాడు. వేలు పుల్లలా విరిగింది. మధ్యవేలు కూడా పోయింది. అతనికి ఒంటికీ రెంటికీ అక్కడే అయిపోయింది. కానిస్టేబుళ్లు నవ్వారు. ఉంగరపువేలు సగం వంగేసరికి, “మా పొయ్యి కింద బాబూ” అని అరిచాడు. ఆ క్షణాన చంద్రుడి మీదుందని చెప్పమన్నా చెప్పేవాడే.

పొయ్యి తవ్వితే బూడిద వచ్చింది. ఇన్‌స్పెక్టర్ జేబులో చెయ్యిపెట్టాక వెండిముద్దా వచ్చింది. అడ్డుపడబోయిన బనాంబర్‌ను రౌత్‌రాయ్ తాను అలిసిపోయేదాకా బూటుకాలితో పక్కలో తన్నాడు. చోటు చూపించింది బనాంబరే కనుక దొంగ అతనేనని కింది కోర్టు శిక్ష వేసింది. కొన్నాళ్లు జైల్లో ఉండి, హైకోర్టులో అప్పీలు వేసి బెయిలు మీద వచ్చాడు.

తీగ లాగుతుండగానే మధ్యాహ్నం అతని వకీలు సుచరిత ఆటో దిగి పరుగున వచ్చింది. హైకోర్టు శిక్ష కొట్టేసిందట. ఎవరినీ బలవంతాన తనమీద తానే సాక్షి కమ్మనకూడదనీ, కొట్టి చెప్పించిన మాట చెల్లదనీ, ముద్ద దొరికిన తీరు నమ్మలేమనీ జడ్జి చదివారట.

అతను పటకారు కింద పెట్టాడు.

“నా నోటి సంగతి చెప్పారు. చేతి సంగతేమైనా అన్నారామ్మా?”

దానికి వేరే కేసు వెయ్యాలంది ఆమె. మళ్లీ అతని మొహంలోకి చూడలేకపోయింది.

“అయితే ఆయన డ్యూటీలోనే ఉన్నాడన్నమాట” అన్నాడు, ఎవరి క్షేమమో కనుక్కున్నట్టు.

ఆమె వెళ్లాక దగ్గు తెర వచ్చింది. పంచెకొంగు ఎర్రబడింది. అతను దాన్ని లోపలికి మడుచుకున్నాడు.

సాయంత్రం భార్య కుంజలత కాల్చిన జున్ను మిఠాయి ఆకుదొన్నెలో తెచ్చింది. ఒక ముక్క కొరికి బాగుందన్నాడు. కాసేపు నడుం వాలుస్తానని గోడవైపు తిరిగాడు. దీపం పెట్టి ఆమె లేపబోయేసరికి ఒళ్లు చల్లబడి ఉంది.

దొన్నెలో మిగిలిన ముక్క మీద అతని పంటిగాటు, దాని అంచున సన్నగా నెత్తురు.