బాణం జారని రెస్టు

ఓర్విల్ దుకాణంలో కౌంటరు మీద, విల్లుకు బిగించే రెండు రెస్టులు పక్కపక్కన ఉన్నాయి. ఒక్కొక్కటి అరచేతిలో ఇమిడేంత. లోర్నా వాటిని చాలాసేపు చూసింది కానీ ముట్టుకోలేదు.

"ఇంతేనా? ఇంత చిన్న ముక్క మీదేనా బాణం ఆనేది?"

"అంతేనమ్మా. నారి లాగిన దగ్గర్నుంచి వదిలేదాకా బాణాన్ని మోసేది ఇదే," అన్నాడు ఓర్విల్.

నిరుడు మోసం చేసింది కూడా ఇలాంటి ముక్కే. నిరుడు అక్టోబరులో లోర్నా కూతురు కైసా చెట్టు మీది మంచెలో కూర్చుని, జింక కనబడగానే నారి లాగింది. జింక పొదల చాటుకు తప్పుకుంది. వదిలి లాభం లేదని నారిని మెల్లగా వెనక్కి పోనిస్తుంటే, చలికి కొంకర్లు పోయిన చేతిలో విల్లు ఒరిగింది. పాత రెస్టు రెండు పుల్లల పంగ, బాణం దాని మీద ఊరికే ఆని ఉండేది. జారింది. మూడు అలుగుల మొన పిల్ల తొడలో దిగింది. నడుముకున్న బెల్టు తీసి తొడకు బిగించుకుని, తనే చెట్టు దిగి, తనే ట్రక్కు నడుపుకుంటూ ఇంటికొచ్చింది. ఆ సీటు మీద మరక ఎన్ని సబ్బులు మార్చినా పోలేదు. లోర్నాకు కళ్ళు మూసుకుంటే ఆ మరకే.

కైసాకు ఇరవై నాలుగేళ్ళు. వద్దంటే ఆగే వయసు దాటిపోయింది. అందుకే లోర్నా తన నోట్లో ఉన్న వద్దు అనే మాటనంతా ఈ రెస్టు మీదికి మళ్ళించింది. అడవికి పోతే పోనీ, బాణం మాత్రం జారకూడదు.

"ఇది వాలిపోయే రకం," అంటూ ఓర్విల్ మొదటిది చేతిలోకి తీసుకున్నాడు. "నారి లాగితే లేచి నిలబడుతుంది. వదలగానే కిందికి వాలి దారి ఇచ్చేస్తుంది. బాణం తోక ఈకలకు ఏదీ తగలదు, బాణం సూటిగా పోతుంది."

"నాకు ఇదే కావాలి," అంది పక్కనే ఉన్న కైసా.

"వదలకుండా నారి వెనక్కి పోనిస్తే?" లోర్నా అడిగింది.

"కొన్ని నిలబడతాయి, కొన్ని వాలిపోతాయి. దీనికో సన్నతాడు ఉంటుంది. అది సరిగ్గా కట్టాలి. సాగిందంటే రెస్టు వేళకి లేవదు."

"తాడు సాగుతుందా!"

కైసా నెత్తి కొట్టుకుంది. "అయిపోయింది ఓర్విల్. మా అమ్మకి సాగే తాడు దొరికింది. ఇంక సీజను అయ్యేదాకా ఇంట్లో ఎవరికీ నిద్రుండదు."

ఓర్విల్ నవ్వు దాచుకుంటూ రెండోది తీశాడు. గుండ్రటి చట్రం, లోపల చుట్టూ గట్టి వెంట్రుకల కుచ్చు, నడిమధ్య చిన్న కన్నం. అందులో ఒక బాణం దూర్చి, చట్రాన్ని తలకిందులు చేసి గట్టిగా విదిలించాడు. బాణం కదల్లేదు.

"ఇది," అంది లోర్నా. "ఇదే."

"అమ్మా, అది బడిపిల్లల రెస్టు. ఈకలు ఆ కుచ్చుని రాసుకుంటూ పోతాయి. రెగ్గీ బాబాయి చూస్తే ఊరంతా చెప్పుకుని నవ్వుతాడు."

"నవ్వనీ. నవ్వితే నెత్తురు కారదు."

కైసా తల్లి వైపు తిరిగింది. తల్లి చూపు తన మొహం మీద లేదు, ఎడమ తొడ మీద ఉంది. పిల్ల ఒక నిట్టూర్పు విడిచి, "బిగించు ఓర్విల్. లేకపోతే ఈవిడ నన్ను చెట్టు కింద కూర్చోబెట్టి తాను ఎక్కుతుంది," అంది.

లోర్నాకు అక్కడితో ప్రాణం కుదుటపడవలసింది. కానీ మరలు బిగిస్తూ ఓర్విల్ మాటవరసకు ఇంకో ముక్క అన్నాడు. "తడిమంచు పడ్డప్పుడు మాత్రం ఈ కుచ్చులో గడ్డ కడుతుంది. అప్పుడప్పుడు దులుపుకుంటూ ఉండాలి, అంతే."

ఆ మాట లోర్నా చెవిలోంచి ఇంక బయటికి పోలేదు. గడ్డ కడితే బాణం ఇరుక్కుంటుంది. ఇరుక్కున్నదాన్ని పిల్ల చేత్తో లాగుతుంది. చేతికి దగ్గర్లోనే మొన.

సీజను మొదలయ్యే ముందు రోజు సాయంత్రం రేడియోలో వర్షమూ మంచూ కలిసి పడతాయని చెప్పారు. పెద్ద సరస్సు మీంచి గాలి అప్పుడే మొదలైంది. కైసా సౌనాలో ఆవిరిస్నానం చేస్తోంది. దాని వేటబట్టలు వాసన లేని సబ్బుతో ఉతికి, ఫర్ చెట్టు కొమ్మల మధ్య ఆరేసి ఉన్నాయి. జింక ముక్కుకు మనిషి వాసన అందకూడదని మూడు రోజులుగా లోర్నా ఆ బట్టలున్న వైపు కిటికీ కూడా తెరవలేదు. అంత జాగ్రత్త మనిషి, పొయ్యి పక్కన కాఫీ డబ్బాలో పోసి ఉంచిన, పందిమాంసం వేయించగా మిగిలిన బేకన్ కొవ్వును వేలితో తీసి, ఆ కుచ్చుకు చుట్టూ పట్టించింది. వాళ్ళమ్మ మంచు పట్టకుండా బూట్లకు అదే రాసేది. వెంట్రుకలు నల్లగా, నున్నగా మెరిశాయి. బట్టతో పైపైన తుడిచి, విల్లును మళ్ళీ వరండాలో ఎప్పటి మేకుకే తగిలించింది. కైసాకు చెప్పలేదు. చెబితే కడిగేస్తుంది.

మర్నాడు లోర్నా కూడా బయల్దేరింది.

"నువ్వెందుకు?" అంది కైసా.

"ట్రక్కులో కూర్చుంటాను."

"కూర్చో. హారను మాత్రం కొట్టకు. జింకలకి నువ్వెవరో తెలియనక్కర్లేదు."

కలప బళ్ళ దారిలో ట్రక్కు ఆపి, కైసా పొదల్లోకి నడిచి వెళ్ళిపోయింది. పొద్దెక్కాక వచ్చి ఇద్దరం మాంసం కూరిన పాస్టీలు తిందామని చెప్పింది. పొద్దెక్కింది. అద్దం మీద తడిమంచు టపటపా పడుతోంది. లోర్నా ఒడిలో పాస్టీల పొట్లం చల్లారిపోయింది. పిల్ల నిద్రపోయిందేమో. నడుముకూ చెట్టుకూ కట్టుకున్న పట్టీ ఊడిందేమో. కుచ్చు గడ్డకట్టిందేమో. లేదు, కొవ్వు రాశాను కదా. ఇంకో తొడ అయితే? కడుపైతే? ఇక కూర్చోలేకపోయింది. ఫ్లాస్కు చేత పట్టుకుని దిగి, కూతురి అడుగుల వెంట నడిచింది.

మంచె ఉన్న చెట్టు కనబడగానే కాళ్ళు ఆగిపోయాయి. నిచ్చెన మొదట్లో ఎలుగుబంటి ఉంది. ముందు కాళ్ళు మెట్ల మీద ఆన్చి, ముక్కు పైకెత్తి గాలిని తాగుతోంది. పైన కైసా నారి నిండా లాగి, బాణం కిందికి గురిపెట్టి నిలబడి ఉంది. ఎలుగును కొట్టే అనుమతి పిల్లకు లేదు, కొట్టే ఉద్దేశమూ లేదు. అది ఎక్కితేనే వదులుతుంది. కానీ అది ఎక్కడం లేదు, పోవడమూ లేదు.

లోర్నా ఎలుగును చూడటం మానేసింది. బాణాన్నే చూస్తోంది.

కైసా ఇక పట్టలేక నారిని వెనక్కి పోనిచ్చింది. మెల్లగా పోనివ్వాలనుకున్నా విల్లు ఒక్కసారి గుంజింది. నిరుటిలాగే పక్కకు ఒరిగింది. మొన సరిగ్గా మోకాలి మీదుగా ఊగింది. బాణం కుచ్చులోనే ఉంది.

అప్పుడు లేచింది లోర్నా గొంతు. "పో! పో అవతలికి! పోవే దరిద్రపుదానా!" ఫ్లాస్కుని తన పక్కనున్న చెట్టుకేసి బాదుతూ అరిచింది. ఎలుగు ఆవిడ వైపు తిరిగి ఒకసారి చూసింది, ఇంకోసారి నిచ్చెన వాసన చూసింది. తర్వాత తొందరేమీ లేనట్టు ఫెర్న్ పొదల్లోకి వెళ్ళిపోయింది.

కైసా విల్లును తాడుతో కిందికి దించి, తాను దిగి, నిచ్చెన మొదట్లోనే కూలబడింది. రెండు చేతులతో మొహం రుద్దుకుంది. చటుక్కున ఆగి చేతిగ్లౌజు వాసన చూసింది. విల్లు దగ్గరికి లాక్కుని కుచ్చు వాసన చూసింది.

"అమ్మా. దీనికేం రాశావు?"

"మంచు గడ్డ కట్టకుండా... కొంచెమే. శుభ్రంగా వడకట్టిందే."

"ఏం వడకట్టింది?"

"బేకన్ కొవ్వు."

కైసా చేతిగ్లౌజు ఊడదీసింది. "ఏటా సెప్టెంబరులో రెగ్గీ బాబాయి మనింటికొచ్చి ఆ డబ్బా ఎందుకు అడిగి పట్టుకెళతాడు?"

లోర్నాకు తెలుసు. ఎలుగుకు ఎర వేయడానికి. తెలిసిన ఆ మాట రాత్రి ఒక్కసారైనా తలలోకి రాలేదు. తడినాచు మీద కూర్చుండిపోయింది. "నా చేత్తోనే పిలిచానే తల్లీ," అంది. "నా చేత్తోనే."

కైసా ముందు నవ్వింది. నవ్వు ఆగలేదు, ఆగకుండానే ఏడుపైంది. తల్లి భుజం మీద తల ఆనించి, "గ్లౌజుల్నించి నాకూ అంటింది కదే నీ కొవ్వు, ఒళ్ళంతా. అది నన్నే తినడానికొచ్చిందనుకున్నా," అంది. కాసేపటికి ముక్కు తుడుచుకుని మెల్లగా అంది. "చెయ్యి అప్పటిలాగే జారిందమ్మా. బాణం మాత్రం పడలేదు."

"చూశాను."

"దీన్ని తీసేసి ఓర్విల్ చేత కొత్తది వేయిద్దాం. ఎందుకు తీశారని అడిగితే నువ్వే చెప్పుకో."

"ఈ రకమే వేయిస్తావు కదా?"

"ఈ రకమే. కానీ నువ్వు ముట్టుకోవు."

"ముట్టుకోను." లోర్నా సొట్టపడిన ఫ్లాస్కు అందుకుంది. "మళ్ళీ వస్తావా ఇక్కడికి?"

"వస్తాను."

లోర్నా లేచి పిల్లను ముందు నడవమంది. నాలుగడుగులు వేశాక, ఎలుగు ముందునుంచి వస్తేనో అనిపించి వెనక్కి రమ్మంది. వెనకనుంచి వస్తేనో అనిపించి మళ్ళీ పక్కకు లాక్కుంది. దారి ఒక్క మనిషికి సరిపోయేంత. అయినా ఇద్దరూ పక్కపక్కనే, తడిపొదలు లోర్నా మొహానికి కొట్టుకుంటుంటే, భుజాలు రాసుకుంటూ ట్రక్కు వైపు నడిచారు.