మూడో పాట ఎవరు పాడారు

పెనం మీద అట్టు తిరగేస్తూ, ఇంకా రిలీజ్ కాని మా ఆల్బం ఫోన్‌లో పెట్టాను. మూడో పాటలో నా గొంతు లేదు. ట్యూన్ నాది, మాటలు నావి. పాడుతున్నది ఎవరో అమ్మాయి.

అట్టు మాడింది. "ఒసే రోజా, వాసనొస్తంది సూడు" అని హాల్లోంచి అత్తగారు కేకేసింది. ఇంకో అట్టు పోశాను.

ముందు బాలుని అనుమానించాను. విశాఖలో మా చర్చి బ్యాండ్ రికార్డింగ్ చేసింది అతనే. ఫోన్ చేస్తే తడబడకుండా చెప్పాడు.

"మీకు గొంతు పోయిందన్నారు కదక్కా. మీరు పాడింది ట్రాక్‌గా ఉంచి, ఇక్కడి సింగర్‌కి వినిపించి, ఆవిడ చేత పాడించేం."

"ఎవరన్నారు?"

"అవన్నీ నాకెందుకక్కా" అని పెట్టేశాడు.

నాకు గొంతు పోలేదు. రికార్డింగ్‌కి ముందు వారమంతా మా ఇంట్లో ప్రాక్టీసుకొచ్చిన బ్యాండ్ మొత్తానికి టీలు, టిఫిన్లు అందించాను. డ్రమ్స్ పట్టడానికి హాల్లో మంచం జరిపాను. "సిస్టర్ ఉప్మాలో పరిశుద్ధాత్మ అభిషేకం ఉంది" అని గిటారిస్టు అంటే అందరూ నవ్వారు. గ్లాసులు కడుగుతూ నేను పాడితే నా భర్త ఉదయ్‌కుమార్ కీబోర్డు మీద పట్టుకునేవాడు. ఆల్బంలో సంగీతం అతనిదని ఉంది.

అత్తగారికి చెబితే, "మొగుడి పేరు నీ పేరు కాదేటి? ఆడగుంటలు ఇంట్లో పాడుకోవాల గానీ యూట్యూబ్‌లో ఏటి" అంది.

"ఇప్పుడు పాడింది కూడా ఆడపిల్లేగా అత్తయ్యా."

"అది మనింటి కోడలా?"

పేరు పోవడం నాకు అలవాటే. ఈ పాట వేరు. కడుపులో బిడ్డ పోయిన రోజు ఉదయ్ మాడుగులలో ప్రార్థన కూటానికి కీబోర్డు వాయిస్తున్నాడు. ఫోన్ చేస్తే, "వర్షిప్ మధ్యలో ఎలా వచ్చీమంటావు?" అన్నాడు. చోడవరంలో ఆటో ఎక్కి ఒక్కదాన్నే ఆస్పత్రికి వెళ్లాను. 'ఎవరూ రాని దారిలో నా పక్కన కూర్చున్నావు' అన్న పల్లవి ఆ ఆటోలోనే వచ్చింది. దాన్ని ఇంకొకరు ఎంత బాగా పాడినా నాకు అక్కర్లేదు.

మధ్యాహ్నం ఉదయ్ భోజనానికి వచ్చాడు. పులుసు పోసి చెప్పాను.

"ఆదివారం చర్చిలో రిలీజ్ చేసేటప్పుడు మూడో పాట నేనే పాడతాను. ఎక్కడ పుట్టిందో చెప్పి మరీ పాడతాను."

చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "బాలుగాడు చెప్పీసేడా?"

"లేదు. మీరు చెప్పండి."

ముద్ద కంచంలో పెట్టేశాడు.

"నేనే తీయించేను. గొంతు పోయిందని నేనే చెప్పేను. ఉపవాస కూటంలో నువ్వు ఆ ఆటో సంగతి చెప్పి పాడితే అందరూ ఏడ్చేరు. తరవాత పాస్టరమ్మగారు, ఆ రోజు నువ్వెక్కడున్నావు బాబూ అని నన్నే అడిగేరు. అంతమంది ముందు నాకు మాట రాలేదు. ఆ గుంట పాడితే అది వట్టి పాట, రోజా. నువ్వు పాడితే సాక్ష్యం."