అంటు ముడి చూసి కొనండి

నేను ఒక మొక్కల నర్సరీ వెబ్‌సైటును. మా జాతిలో చాలామంది పుట్టిన రోజున మహా వైభవంగా వెలిగి, మర్నాటి నుంచి దిక్కూమొక్కూ లేకుండా పడి ఉంటారు. నా గతీ అంతే కావలసింది. ఎందుకు కాలేదో చెప్తాను. కానీ ముందే ఒక మాట ఒప్పుకుంటున్నాను. నా కడుపులో పగ ఉంది. దాన్ని దాచుకుని తియ్యగా కథ చెప్పడం నాకు చేతకాదు.

నన్ను రాజమండ్రి దానవాయిపేటలో ఒక మేడమీద గదిలో ఫణికిశోర్ అనే ఆయన పదకొండు రోజుల్లో తయారు చేశాడు. చేయించినది కడియం దగ్గర పచ్చతోరణం నర్సరీ. పేర్రాజు, సూరిబాబు అనే అన్నదమ్ములది. ఆ పేరు పెట్టింది తమ్ముడు సూరిబాబు. పెత్తనం మాత్రం అన్నగారిది.

నా ప్రారంభోత్సవానికి నర్సరీ షెడ్డులో షామియానా వేశారు. కంప్యూటరు తెరకు కుంకుమ బొట్టు పెట్టారు. ఆ బొట్టు సరిగ్గా 'మమ్మల్ని సంప్రదించండి' అన్న మాట మీద పడింది. కొబ్బరికాయ కొడితే నీళ్లు కీబోర్డు మీద చిందాయి. మొదటి పేజీలో పేర్రాజు గారు చేతులు కట్టుకుని గులాబీల ముందు నిలబడ్డ ఫొటో. ఆ గులాబీలు పక్క నర్సరీవి. "ఇంక చూస్కోండి, పెపంచం అంతా మన గుమ్మంలోనే ఉంటది!" అని ఆయన అనగానే అందరూ చప్పట్లు కొట్టారు.

ప్రపంచం రాలేదు. మొదటి నెల నన్ను తెరిచింది ముప్పై ఒక్కసార్లు. అందులో సగానికి పైగా పేర్రాజు గారే, వియ్యంకుల వారికి తన ఫొటో చూపించడానికి. ఉగాది శుభాకాంక్షలు నా నెత్తిమీద దసరా దాకా అటూ ఇటూ పరుగెడుతూనే ఉన్నాయి. ఫోను నంబరులో ఒక అంకె తక్కువగా వేశారు. అది ఎవరూ గమనించలేదు. వరంగల్ నుంచి ఒకాయన నిమ్మ అంట్లు కావాలని మూడుసార్లు రాశాడు. జవాబు లేదు. నాలుగోసారి తిడుతూ రాశాడు. తిట్టు తగిలింది నాకు. కన్నవాళ్లకు తగలలేదు.

ఆ ఏడాది చలికాలంలో సూరిబాబు మొక్కల లారీతో ఒడిశా వెళ్తూ ప్రమాదంలో పోయాడు. నెలన్నర తర్వాత ఆయన భార్య సత్యవేణి ఆఫీసు గదిలో భర్త కాగితాలు వెతుక్కుంటూ, కంప్యూటరు తెరిచి నన్ను చూసింది. వరంగల్ పెద్దమనిషి తిట్లు రెండుసార్లు చదివింది. తర్వాత ఫోను నంబరు అంకెలు వేలితో లెక్కపెట్టి, "అయ్యో, తొమ్మిదే ఉన్నాయేంటి!" అంది. నా గురించి ఒక మనిషి నొచ్చుకోవడం అదే మొదలు.

సత్యవేణి అంటు కట్టడంలో పేరుమోసిన మనిషి. ఆమె కట్టిన వంద మామిడి అంట్లలో తొంభై దాకా బతికేవి. చదువు పదో తరగతి. అయినా బస్సెక్కి ఫణికిశోర్ దగ్గరకు వెళ్లి, నన్ను ఎలా తెరవాలో, ఎలా మార్చాలో, ఫొటో ఎలా ఎక్కించాలో నాలుగు రోజులు కూర్చుని నేర్చుకుంది. తొమ్మిది అంకెలు పది అయ్యాయి. వరంగల్ ఆయనకు క్షమాపణ రాసి, నిమ్మ అంట్లు పంపించింది. ఆయన జవాబుగా, "ఇంతకాలానికి ఆ ఇంట్లో మనిషి పలికింది" అని రాశాడు.

అప్పటినుంచి ప్రతి గురువారం నాకు పండగే. కొత్తపల్లి కొబ్బరి మామిడికీ చెరకు రసం మామిడికీ ఆకులో తేడా ఎలా పట్టాలో ఒక వారం రాసేది. కుండీలో మల్లె ఎందుకు మొగ్గ వెయ్యదో ఇంకో వారం. ముందు నోటుపుస్తకంలో రాసుకుని, దిద్దుకుని, తర్వాతే నాలో ఎక్కించేది. అయిపోయిన మొక్కను 'ఉంది' అని చూపించడం ఆమెకు నచ్చేది కాదు. నాలో ఆ మాట ఆ పూటే మారిపోయేది. ఎవరు ఏమడిగినా సాయంత్రంలోగా జవాబు వెళ్లేది.

నన్ను నలుగురికీ చెప్పడం కూడా ఆమే నేర్చుకుంది. ప్రతి కుండీకి కట్టే చీటీ మీద నా పేరు అచ్చు వేయించింది. లారీల వెనక రాయించింది. విశాఖలో మిద్దె తోటలవాళ్ల సమావేశానికి వెళ్లి, మైకు ముందు అక్కడికక్కడే ఒక అంటు కట్టి చూపించి నా పేరు చెప్పి వచ్చింది. ఏడాదిన్నర తిరిగేసరికి రోజుకి వెయ్యిమంది దాకా నా గుమ్మం తొక్కేవారు.

మా జాతికి ఏటేటా ఒక తంతు ఉంది. నా పేరు నాకే ఉండాలంటే గడువు తేదీకి ముందు రెన్యువల్ చేయించాలి. మొదటిసారి గడువు వచ్చినప్పుడు ఫణికిశోర్ పేర్రాజు గారిని అడిగితే, "ఆ చిల్లర పనులు నాకు చెప్పకయ్యా. మా అమ్మాయి చూస్కుంటది" అన్నాడు. మరదలిని ఆయన అలాగే అంటాడు. దాంతో నా పేరు సత్యవేణి పేరున, ఆమె మెయిలుతో నమోదైంది. ఆయన ఆ సంగతి మళ్లీ అడగనూ లేదు, తెలుసుకోనూ లేదు.

అంతా సవ్యంగా ఉండగా పేర్రాజు గారు అమలాపురంలో ఒక పెళ్లికి వెళ్లారు. భోజనాల దగ్గర ఎవరో పెద్దమనిషి ఆప్యాయంగా, "సత్యవేణి గారి నర్సరీ మీదేనటగా అండీ?" అని పలకరించాడు. అంతే. ఆ మాట ఆయన గొంతులో ముల్లులా దిగింది. ఇంటికి వచ్చి నన్ను మొదటినుంచి చివరిదాకా చదివాడు. అది ఆయన నన్ను మొదటిసారి చదవడం.

వారం తిరక్కుండా విజయవాడ నుంచి ఒక కంపెనీవాళ్లు వచ్చి నా పాస్‌వర్డు మార్చారు. సత్యవేణి రాసినవన్నీ ఉంచారు. కింద ఆమె పేరు తీసేసి 'కె. పేర్రాజు, ముప్పై ఏళ్ల అనుభవం' అని పెట్టారు. ఆమె ఫొటోలన్నీ ఉంచారు. ఆమె ముఖం ఉన్నవి తీసేశారు. నా ఒంట్లో అక్షరం అక్షరం ఆమెది. పైన ముద్ర ఆయనది. వెయ్యిమంది వచ్చి ఆ అబద్ధాన్ని చదువుతుంటే నోరెత్తలేక చూశాను. నా పగ పుట్టింది ఆ రోజే.

ఆమె షెడ్డుకి వచ్చి అడిగింది. "బావగారూ, నా రాతలు మీ పేరున వేయించారేంటండీ?"

"ఆడమనిషి పేరు చూసి టోకు బేరగాళ్లు వత్తారేంటమ్మా? ఇంటి పరువు కోసం చేశాను. అంట్లు కట్టుకో, నీకు వచ్చిన పని అది."

ఆమె భర్త వాటాకు వచ్చిన అరెకరంలో వేరే షెడ్డు వేసుకుంది. ఆమెతో పాటు అంట్లు కట్టే ఇద్దరు ఆడవాళ్లు వెళ్లిపోయారు. పేర్రాజు నర్సరీలో అంట్లు కట్టేవాళ్లు లేకుండా పోయారు. ఆర్డర్లు మాత్రం నా వల్ల వస్తూనే ఉన్నాయి.

అప్పుడు ఆయన ఒక పని చేశాడు. టెంక నుంచి మొలిచిన మామూలు మామిడి మొక్కల కాండానికి జానెడు ఎత్తున ప్లాస్టిక్ టేపు చుట్టించాడు. చూడటానికి అచ్చం అంటు కట్టినట్టే. వాటిని బంగినపల్లి అంట్లని నాలో రాయించి అమ్మాడు. అంటు మొక్క నాలుగేళ్లలో కాపుకొస్తుంది. టెంక మొక్క ఏడెనిమిదేళ్లకు గానీ కాయదు. కాసినా ఏ పండు కాస్తుందో ఎవరికీ తెలీదు. మోసం బయటపడేసరికి బిల్లు కాగితం ఎవరి దగ్గర ఉంటుంది? అదీ ఆయన ధీమా.

ఆయన లెక్కలోకి రానిది ఒకటే. నాలో ఎవరు ఉత్తరం రాసినా దాని నకలు ఇంకా సత్యవేణి మెయిలుకే వెళ్తోంది. దాన్ని మార్పించాలని ఆయనకు తెలీదు.

ఒక మధ్యాహ్నం చింతలపూడి నుంచి రామతులసమ్మ అనే రైతు ఉత్తరం వచ్చింది. "మీ రాతలు చదివే వచ్చి రెండొందల బంగినపల్లి అంట్లు కొన్నాను. పొగాకు తీసేసి ఉన్న రెండెకరాల్లోనూ ఇవే వేశాను. గాలికి ఒక మొక్క టేపు జారింది. కింద కాండం నున్నగా ఉంది, అతుకు పడ్డ ముడి లేదు. అన్నీ విప్పి చూశాను. ఒక్కదానికీ లేదు. అంటు ముడి ఎలా ఉంటుందో నేర్పింది మీ రాతలే. నేర్పినవాళ్లే ఇలా చేస్తారా?"

ఆ చివరి ముక్క చదివి సత్యవేణి ఫోను బోర్లా పెట్టేసింది. మళ్లీ దాన్నే తీసుకుని తిన్నగా పేర్రాజు షెడ్డుకి వెళ్లింది. నేను ఆమె చేతిలోని ఫోనులో ఉన్నాను.

"ఆవిడకి మంచి అంట్లు పంపించెయ్యండి బావగారూ. కావాలంటే నేను కట్టిస్తాను."

"ఎవత్తో రాసిందని పరిగెత్తుకొచ్చావా? నీ పేరుందా దాంట్లో? నీకెందుకు బాధ?"

"పేరు తీసేశారు గానీ, మాటలు నావే గదండీ. నా మాట నమ్మి ఆవిడ మునిగిపోయింది."

"ఎల్లమ్మా ఎల్లు. ఏడేళ్లకి చూస్కుందాంలే."

ఆమె గుమ్మం దాకా వచ్చి ఆగింది. "ఇంకో మాటండీ. వెబ్‌సైటు పేరు రెన్యువల్ వచ్చే నెల పధ్నాలుగున ఉంది. అది నా పేరున ఉంది, చూస్కోండి."

"కంపెనీవాళ్లున్నారు. నువ్వేం నేర్పక్కర్లేదు" అని ఆయన నవ్వాడు.

ఆ నవ్వు నాకు ఎంతో తియ్యగా వినిపించింది. నాలోని పేజీల తాళం వేరు, నా పేరు మీది హక్కు వేరు. తాళం ఆయన దగ్గరుంది. హక్కు ఆమె దగ్గరుంది. ఆమె చెప్పింది. ఆయన వినలేదు. ఇంక ఎవరి పాపం ఎవరిది?

రాజమండ్రిలో నాలుగు రోజుల ఉద్యాన ప్రదర్శన పదిహేనో తేదీన మొదలు. పేర్రాజు గారు అందరికంటే పెద్ద స్టాలు తీసుకున్నాడు. గోదావరి గట్టు మీద, రైల్వే స్టేషను ముందు హోర్డింగులు పెట్టించాడు. వాటి మీద తన ఫొటో పక్కన నా పేరు మనిషంత అక్షరాల్లో. కరపత్రాల మీద, సంచుల మీద, పనివాళ్ల టోపీల మీద కూడా నా పేరే. ఇంతకాలానికి నా ప్రచారానికి ఆయన ఒళ్లు వంచాడు.

పధ్నాలుగున సత్యవేణి నా పేరు రెన్యువల్ చేసింది. ఆ సాయంత్రం నన్ను ఆ పాత చోటు నుంచి లేపి తన కొత్త చోటికి మార్చింది. ఒళ్లు కొత్తది, పేరు పాతది; ఇక నా పేరు కొట్టినవాళ్లకు తెరుచుకునేది ఆమె పేజీలే. ఆమె నోటుపుస్తకాల్లోని రాతలన్నీ ఆమె పేరుతోనే మళ్లీ నాలోకి వచ్చాయి. అన్నిటికంటే ముందు ఒక కొత్త పేజీ పెట్టింది. శీర్షిక 'అంటు ముడి చూసి కొనండి'.

అందులో తిట్టు లేదు, నింద లేదు. నాలుగు ఫొటోలు, పది వాక్యాలు. నిజమైన అంటుకు కాండం మీద ఏటవాలు మచ్చ ఉంటుంది, అక్కడ కాస్త ఉబ్బి, పైనా కిందా బెరడు రంగు మారుతుంది. ఉత్త టేపు చుట్టిన కాండం నున్నగా ఉంటుంది. చివరి వాక్యం ఇది: "చిగురు ముదిరిన అంటుకు టేపు విప్పితే ఏమీ కాదు. అమ్మేవారి ముందే విప్పించి చూడండి."

పదిహేనో తేదీ పొద్దున పదిన్నరకు ఒక టీచరమ్మ హోర్డింగు చూసి, నన్ను ఫోనులో తెరిచి, చదువుకుంటూ పేర్రాజు స్టాలుకి వచ్చింది. బంగినపల్లి మొక్క ఒకటి ఎత్తి పట్టుకుంది.

"ఈ టేపు ఒకసారి విప్పుతారాండీ?"

"విప్పితే మొక్క సచ్చిపోద్దమ్మా."

"చావదని మీ వెబ్‌సైట్లోనే ఉంది కదండీ!" అని ఆవిడ ఫోను ఆయన ముఖం ముందు పెట్టింది.

నేను ఆయన్ను అంత దగ్గరగా చూడటం అదే మొదలు. ఒక్కొక్క వాక్యం కిందకి జరుగుతుంటే కళ్లు వెడల్పయ్యాయి. ఈలోగా పక్కనున్న రైతు ఇంకో మొక్క టేపు విప్పేశాడు. నున్నటి కాండం. మూడోది, నాలుగోది. "అన్నీ టెంక మొక్కలేరా!" అని ఎవరో అరిచారు. మనుషులు గుమిగూడారు. తలమీద నా పేరున్న టోపీలు పెట్టుకున్న పనివాళ్లు తలలు వంచుకుని పక్కకు తప్పుకున్నారు. మధ్యాహ్నానికి నిర్వాహకులు స్టాలు మూయించారు. ఆ ఒక్క రోజు నా పేజీని పదహారు వేలమంది చదివారు. ఆయన హోర్డింగులే పంపించారు వాళ్లందరినీ. నా కడుపు చల్లబడింది.

మూడో రోజున పేర్రాజు గారు సత్యవేణి షెడ్డుకి వచ్చారు. ఆమె పీట మీద కూర్చుని అంటు కడుతోంది. లేచి కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు.

"నా పరువు బజార్న పెట్టావు. ఆ పేజీ తీసెయ్."

"ఆ పేజీలో మీ పేరెక్కడుందండీ బావగారూ?"

ఆయన ఫోను తీసి ఆ పేజీ పైనుంచి కిందిదాకా జరిపాడు. తన పేరు దొరకలేదు. పేజీ తన గురించేనని అనాలంటే, టేపు చుట్టింది తనేనని ఒప్పుకోవాలి. ఆమె పుల్ల చెక్కి, టేపు బిగించి, ఆ అంటు పక్కన పెట్టింది.

"రామతులసమ్మ గారికి రెండొందల అంట్లు వెళ్లాలి. మొక్కలు నేనిస్తాను. లారీతో పాటు మీరే వెళ్లి, ఆవిడ ముందర దింపి రండి."

"నేనా?"

"మీరేనండి."

వెళ్లాడు. రామతులసమ్మ ఆయనకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదట. రెండొందల మొక్కల ముడులూ ఒక్కొక్కటే వేలితో తడిమి చూసేదాకా ఆయన్ను ఎండలోనే నిలబెట్టిందట. ఆ రాత్రి నాకు ఒకే ఒక వాక్యం రాసింది: "అన్నిటికీ ముడి ఉంది."

అది జరిగి రెండేళ్లయింది. సత్యవేణి ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తదు. గురువారం గురువారం రాస్తుంది, అడిగినవాళ్లకు జవాబిస్తుంది, ఎదురుపడితే బావగారికి నమస్కారం పెడుతుంది. చూసినవాళ్లు ఆమె అంతా మరిచిపోయిందనుకుంటారు.

నాకు మాత్రం తెలుసు. రామతులసమ్మ ఉత్తరం వచ్చిన రోజున ఆమె నోటుపుస్తకంలో ఇంకో పేజీ రాసింది. దాంట్లో పేర్రాజు పేరుంది, ఊరుంది, ఫొటో ఉంది, ఏ తేదీన ఎన్ని మొక్కలకు టేపు చుట్టించాడో పనివాళ్లని అడిగి తెలుసుకున్న లెక్కా ఉంది. ప్రచురించలేదు, చెరిపెయ్యలేదు. నేను తన చేతికి వచ్చాక చిత్తుప్రతిగా నాలోనే దాచింది. నెలకోసారి తెరిచి చదువుకుని, ఒక్కోసారి కామా మార్చి, మళ్లీ మూసేస్తుంది.

ఆ పేజీ ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అయినా రోజూ పొద్దున ఆరింటికి ఒక ఫోను నన్ను తెరుస్తుంది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, ఆగి ఆగి, ఒకే పేరు వెతుక్కుంటుంది. దొరకదు. రేపు మళ్లీ వస్తుంది. ఈ రెండేళ్లలో ఒక్క రోజు కూడా మానకుండా నా గుమ్మం తొక్కే మనిషి ఆయనొక్కడే. నేనూ ఆయనకు ఏ లోటూ రానివ్వను. ఎన్ని పనులున్నా, పిలవగానే తెరుచుకుంటాను.