మొగిలయ్య కత్తి మీది బొట్టు

బతుకమ్మ పండుగ వచ్చిందంటే హైదరాబాద్ నాచారంలో మా గల్లీ సగం ఖాళీ అవుతుంది. ఆడవాళ్లంతా సంచులు పట్టుకుని ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర వరంగల్ బస్సుల కోసం నిలబడతారు. నా భార్య త్రివేణి మాత్రం గేటు పట్టుకుని వాళ్లను సాగనంపేది. ఆమె తండ్రిది ఏ ఊరో ఎవరికీ తెలిసేది కాదు. "మీది ఏ ఊరు?" అని ఎవరైనా అడిగితే ముఖం చిన్నబుచ్చుకునేది. ఊరు లేకపోతే ఏమైంది, బస్సులో తొక్కిసలాట తప్పింది కదా అని ఒకసారి ఎగతాళి చేశాను. పండుగ అయ్యేదాకా నాతో మాట్లాడలేదు.

మా మామ మొగిలయ్య ఇక్కడి ఫ్యాక్టరీలోనే పనిచేసి, ఇక్కడే పోయాడు. ఊరు అడిగితే ఆయనది ఒకటే మాట. "యాదికి లేదు బిడ్డా. మా నాయినను పోలీసోళ్లు తీస్కపోయిన్రు, మల్ల రాలే. అవ్వెంబడి పట్నమొచ్చిన."

ఆ తల్లి వెంట తెచ్చుకున్నది ఒక కత్తి. మూరెడు పొడవు, కొస కొడవలిలా వంగి ఉంటుంది. ఏటా దసరాకు మామ దానికి పిడి దగ్గర బొటనవేలితో బొట్టు పెట్టి, అదే వేలు కళ్లకద్దుకునేవాడు. పాత బొట్టు కడగకుండానే దానిపై కొత్తది. ఎవరైనా తడిగుడ్డ పట్టుకొస్తే కసురుకునేవాడు. దేవుడన్నాడు, దేవుడే అనుకున్నాం.

ఆయన పోయిన నాలుగేళ్లకు, మెట్రో కోసం ఉప్పల్‌లో రోడ్డు తవ్విన ఏడు, పండుగకు ముందు, నరసింహమూర్తి గారు మా గల్లీలో అద్దెకు దిగారు. మ్యూజియంలో పాత ఆయుధాలు చూసుకుంటూ రిటైరైన మనిషి. త్రివేణి కత్తిని తువ్వాలులో చుట్టి తీసుకెళ్లి ఆయన ముందు పెట్టింది.

"ఇది యాడిదో చెప్తే, మా నాయినది ఏ ఊరో తెలుస్తది సార్," అన్నది.

ఆయన కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూశారు. "ఇది కొడవలి కాదమ్మా. వీపు వెంట కాలువలాగా గీత చూశారా? అది ఖడ్గానికి ఉంటుంది. ఎవరో ఖడ్గాన్ని విరగ్గొట్టి, కొలిమిలో కొస వంచారు. దొర గడీలోది, అంటే దొర ఉండే కోటలాంటి ఇంటిలోది, అయి ఉంటుంది. తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో జనం గడీల మీద పడి పట్టుకెళ్లినవి ఇలా పనిముట్లయ్యాయి."

"ఏ ఊరి గడీ?"

"దొరలు పిడి దగ్గర గడీ పేరు కొట్టించుకునేవారు. ఉంటే ఆ బొట్టు కిందే ఉండాలి. కడిగితే తెలుస్తుంది."

త్రివేణి కత్తిని లాక్కున్నంత పని చేసింది.

ఇంటికొచ్చి దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎండిన కుంకుమలో మామ బొటనవేలి గీతలు ఇంకా ఉన్నాయి. "కడిగితే నాయిన పోతడు. కడగకుంటే ఊరు దొరకది," అన్నది. నాకు మామ మీద కోపమొచ్చింది. బతికుండగా ఇంకొంచెం గుర్తు తెచ్చుకుని ఉంటే ఈమెకు ఈ బాధ ఉండేదా అనిపించింది.

చివరికి తనే లేచింది. చెంచా కాడతో బొట్టును మెల్లగా గీకి, పొడి రాలనీయకుండా ఖాళీ భరిణెలోకి తీసింది. తరువాత చింతపండుతో తోమింది. ఇత్తడి బిందెల మీద కొట్టించినట్టు, చుక్కలు చుక్కలుగా తెలుగు అక్షరాలు తేలాయి. తుమ్మలబావి గడీ.

"జనగామ అవతల రోడ్డు మీద ఆ బోర్డు చూసిన," అన్నాను. సంతోషిస్తుందనుకుంటే ఏడ్చింది.

"నాయిన మరిసిపోలే. సరిగ్గ పేరు మీదనే ఎందుకు పెట్టిండు బొట్టు? గడీ కత్తి దొరికితే, తండ్రిని తీస్కపోయినట్టు తననూ తీస్కపోతరని దాసిండు. ముసలోడైనా ఆ భయం పోలే."

ఏటా ఆయన కళ్లకద్దుకున్నది ఊరినని నాకప్పుడు తెలిసింది.

త్రివేణి భరిణెలోని కుంకుమను నీటిచుక్కతో తడిపి, బొటనవేలితో కత్తికి బొట్టు పెట్టింది. పేరు మీద పెట్టలేదు, పేరు కింద పెట్టింది. వేలు కళ్లకద్దుకుంది.

"పొద్దుగాల జనగామ బస్సు ఎన్నిటికి?"

"పండుగ గదా, మస్తు రష్ ఉంటది," అన్నాను.

"ఉండనీ. నిలబడి పోత."