ఒక తెర, రెండు మూడో గదులు

నేనొక కళ్ళజోడుని. ఎండకి పెట్టుకునే రకం కాదు, చూపు సరిచేసే రకమూ కాదు. త్రీడీ టీవీ ముందు పెట్టుకునే రకం. నా అద్దాలు కిటికీ రెక్కల్లా మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటాయి, మనిషి కంటికి తెలియనంత వేగంగా.

ఏ దేశపు ఫ్యాక్టరీలో పుట్టానో గుర్తులేదు. సినిమాలు చూపిస్తాననుకున్నాను. తీరా వచ్చిపడింది కాకినాడలో అపార్ట్‌మెంట్లు అమ్మే ఒక ఆఫీసులో.

అక్కడి మేనేజరు ఫణీంద్ర మాకు వేరే పని పెట్టాడు. టీవీ ఒకటే, కళ్ళజోళ్ళు రెండు. తెర మీద ఒక బొమ్మ, వెంటనే ఇంకో బొమ్మ, మళ్ళీ మొదటిది. నా అద్దాలు మొదటి బొమ్మకే తెరుచుకునేవి, నా తోటిదాని అద్దాలు రెండో బొమ్మకే. పక్కపక్కన కూర్చున్న మొగుడూ పెళ్ళాలు ఒకే తెరకేసి చూస్తూ వేర్వేరు ఇళ్ళు చూసేవారు.

ముందు ఇద్దరికీ విడివిడిగా కాఫీ ఇచ్చి, కబుర్లలో పెట్టి, మనసులో మాట లాగేవాడు. తర్వాత ఎవరి కోరిక వారికి చూపించేవాడు. "మధ్యలో మాట్లాడుకోకండి సార్, అనుభూతి పోతుంది" అనేవాడు. బయటికొచ్చాక "భలే ఉంది కదూ" అని ఒకరంటే "భలే ఉంది" అని రెండోవారు అనేవారు. సంతకాలు పడిపోయేవి. కాపురాలు చాలావరకు ఇలాగే సాగుతాయని నాకు అర్థమైంది అక్కడే.

ఒక ఆదివారం వసుంధర, ఆమె భర్త భీమశంకరం వచ్చారు. ఆమె జూనియర్ కాలేజీ లెక్చరర్, చూపుకి కళ్ళద్దాలు పెట్టుకుంటుంది. సాయంత్రాలు పిల్లలకి వయొలిన్ నేర్పుతుంది, అద్దె ఇంటి వంటగది పక్కనున్న ఇరుకు నడవాలో. కొత్త ఫ్లాట్‌లో మూడో గది ఆమె క్లాసుకేనని భర్త మాటిచ్చాడు. ఆ మాట నమ్మే లోను తన పేరున తీసుకోవడానికి ఒప్పుకుంది. గది లేకపోతే సంతకం లేదు.

నేను భీమశంకరం ముక్కు మీద కూర్చున్నాను. తెర మీద మూడో గది తలుపు తెరుచుకుంది. గుండ్రటి బల్ల, పేకముక్కలు, గోడ పొడవునా మందు సీసాల బీరువా. ఆయన పెదాలు తడుపుకున్నాడు.

"ఏవండీ, ఇది నా కళ్ళద్దాల మీద నిలవట్లేదు. మీది ఇటివ్వండి."

"ఉండవే, అయిపోవచ్చింది."

"వద్దు మేడమ్, నేను సరిచేస్తాను!" అంటూ ఫణీంద్ర లేచేలోగా వసుంధర నన్ను లాక్కుని పెట్టేసుకుంది.

నేను నా డ్యూటీ తప్పలేదు. బల్లనీ బీరువానీ చక్కగా చూపించాను.

"ఇదేంటండీ? నా పిల్లలేరీ?"

భీమశంకరం ఆమె జోడు పెట్టుకుని, "ఇదిగో, చాప మీద కూర్చున్నారుగా, వయొలిన్లు పట్టుకుని..." అని నాలుక కరుచుకున్నాడు.

వసుంధర నన్ను తల మీదకి నెట్టి, ఉత్త కళ్ళద్దాలతో తెర చూసింది. అడ్డం తొలిగేసరికి రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పిల్లల ఒళ్ళో సీసాలు. వయొలిన్ల మీద పేకముక్కలు.

"సరదాకి చెప్పానే ఆయనతో. పిల్లలు వెళ్ళాక రాత్రిపూట కాసేపు..."

"మీరాగండి. ఫణీంద్రగారూ, అసలా గది ఎంత ఉంటుంది?"

ఫణీంద్ర గొంతు సవరించుకున్నాడు. "అంటే మేడమ్... ప్లానులో రెండు గదులే. మూడోది కావాలంటే బాల్కనీ మూసేసి చేసుకోవచ్చు."

వసుంధర నవ్వింది. ఆ నవ్వుకి భీమశంకరం కుర్చీలో ఒదిగిపోయాడు.

"లేని గదిలో కూడా నాకు చోటివ్వలేదన్నమాట మీరు!"

ఆమె లేచి బయటికి నడిచింది. వెనక ఫణీంద్ర ఫోనులో అరుస్తున్నాడు, పెద్ద సైజు కళ్ళజోళ్ళు పంపమని. మోసంలో అతనికి కనిపించిన లోపం అదొక్కటే.

నేను ఆమె తల మీదే ఉండిపోయాను. ఆ సాయంత్రమే ఆమె అద్దె ఇంటి ముందుగదిలోంచి టీవీనీ, ఆయన పడక్కుర్చీనీ నడవాలోకి జరిపించింది. "క్లాసు ఇక ఇక్కడే" అంది.

ఇప్పుడు నా బ్యాటరీ చచ్చిపోయింది. ముందుగదిలో మేకుకి వేలాడుతున్నాను. నన్ను ఎవరు పెట్టుకున్నా ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది. ఓ సాయంత్రం భీమశంకరం గుమ్మంలో నిలబడి నన్ను తీసి పెట్టుకున్నాడు, ఏం ఆశించాడో మరి. గదినిండా పిల్లలు, వయొలిన్లు. వసుంధర తలెత్తి చూసింది.

"ఏం కావాలండీ?"

"ఏం లేదు" అని నన్ను మేకుకి తగిలించి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.