గుండీల కొట్టుకు వచ్చే తీగ

ఆ వీధిలో స్తంభాల మీద తీగలు పిల్లి కాళ్ళకు చిక్కిన నూలుండలా ఉండేవి. కరెంటువి, ఫోనువి, టీవీవి, ఎప్పుడో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినవాళ్ళవి, ఎవరివో ఎవరికీ తెలియనివి. వాటన్నిటినీ తీసేసి, పనికొచ్చేవాటిని పైపుల్లో పెట్టి నేల కిందికి దింపుతారని తెలిసిన రోజున వీధి వీధంతా సంబరపడింది.

"ఇక డాబా మీద చెయ్యెత్తి ఒళ్ళు విరుచుకోవచ్చు" అన్నాడు బియ్యం కొట్టాయన.

"ఆకాశం కనిపిస్తుందట" అంది ఇస్త్రీ బండి ఆవిడ.

"కనిపిస్తే ఏం చేస్తావు, అద్దెకిస్తావా?"

అందరూ నవ్వారు. గుండీలమ్మ మాత్రం తల వంచుకుని దారం ఎక్కిస్తూ కూర్చుంది.

ఆమెకు అసలు పేరొకటి ఉంది గానీ, వీధిలో ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. గుండీలు, హుక్కులు, జిప్పులు, దారపు రీళ్ళు అమ్ముతుంది. కుట్టిన బట్టల అంచులు పోగులూడకుండా మిషను మీద ఓవర్‌లాక్ చేసి ఇస్తుంది. కొట్టు వీధికి ఈ పక్కన, ఇల్లు సరిగ్గా ఎదురుగా మేడ మీద. ఆ ఇంటి కిటికీలోంచి ఒక సన్నటి నల్ల తీగ బయల్దేరి, స్తంభం మీద మిగతా తీగల మధ్య దూరి, వీధి దాటి, కొట్టు గుమ్మం మీది చిల్లులోంచి లోపలికొచ్చి, మిషను పక్కన గోడకు బిగించిన గంట దగ్గర ఆగుతుంది.

ఆ తీగ అక్క కోసం వేయించింది. అక్క నడుము కింద చచ్చుబడి మంచం పట్టినప్పుడు, గుండీలమ్మ ఆమె చేతికి ఒక సెల్‌ఫోను ఇచ్చింది. కానీ అక్క ఫోను చేస్తే, మిషను రొదలో తన ఫోను మోగినా కొట్టులో వినబడేది కాదు. అదీగాక అక్కకు ఫోను గిట్టదు. "ఫోనంటే మాట్లాడాలే. నీతో మాట్లాడేదేముంటుంది? గంటయితే నొక్కి ఊరుకోవచ్చు" అంది. కొట్టుకు వచ్చే ఎలక్ట్రీషియన్ ఒకడు ఎవరినీ అడక్కుండా ఒక మధ్యాహ్నం నిచ్చెన వేసుకుని తీగ లాగేశాడు. మంచం పట్టెకు స్విచ్చు, కొట్టులో గంట. ఒకసారి మోగితే అన్నానికి రమ్మని. రెండుసార్లు మోగితే ఉన్నపళంగా రమ్మని.

అక్క నోరు మంచిది కాదు. గుండీలమ్మ వండిన దేనికైనా ఒక వంక ఉండేది. ఉప్పు ఉంటే కారం లేదు, రెండూ ఉంటే వేడి లేదు. "కాళ్ళు పోయాయి గానీ నాలుక పోలేదు, చూసుకో" అనేది. ఇన్నేళ్ళూ గుండీలమ్మను 'చెల్లీ' అని పిలిచిన మనిషి ఆమె ఒక్కతే.

ఎండలు ముదరకముందే అక్క పోయింది.

వీధిలో వాళ్ళంతా వచ్చారు, కూర్చున్నారు, వెళ్ళారు. తెలిసినవాళ్ళకు కొత్తగా చెప్పేదేముంటుంది? తెలియనివాళ్ళు గుండీలు కొనుక్కుని వెళ్ళేవాళ్ళు, వాళ్ళు అడగరు. అందువల్ల ఆ మాటను గుండీలమ్మ తన నోటితో ఎవరికీ చెప్పాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు. ఆమె పరుపు చుట్టేసింది. మంచం అలాగే ఉంచింది. గంట పక్కనున్న బ్యాటరీలు అయిపోతే కొత్తవి కొని వేసింది కూడా. ఎందుకని అడిగేవాళ్ళు లేరు గనక ఎందుకో ఆలోచించలేదు.

పనివాళ్ళు వచ్చారు. వీధి మధ్యన నడుము లోతు కందకం తవ్వి, నారింజ రంగు పైపులు పరిచారు. అటూ ఇటూ దాటడానికి పలకలు వేశారు. ఆ తర్వాత లైన్‌మన్ నిచ్చెనెక్కి ఒక్కో తీగనూ పట్టుకుని, బతికున్నదా చచ్చినదా అని చూసి, బతికిన దానికి పచ్చరిబ్బను, చచ్చినదానికి ఎర్రరిబ్బను కట్టుకుంటూ వచ్చాడు. ఎర్రరిబ్బనువి కత్తిరించి పారేస్తారు.

సన్నటి నల్ల తీగ దగ్గరికి వచ్చేసరికి అతనికి అది ఏమిటో అర్థం కాలేదు. కరెంటుది కాదు, ఫోనుది కాదు. కొంచెం తోలు చెక్కి లోపలి రెండు పోగులూ కలిపి చూశాడు.

కొట్టులో గంట మోగింది.

గుండీలమ్మ మిషను ఆపింది. కత్తెర పెట్టెలో పెట్టింది. ఒడిలోని దారపు ముక్కలు దులుపుకుంది. గల్లాపెట్టెకు తాళం వేసి, గుమ్మం దిగి, పలక మీద వీధి దాటసాగింది. ఈపాటికి అన్నం చల్లారిపోయి ఉంటుంది, ఇవాళ అదే వంక పెడుతుంది కాబోలనుకుంటూ పలక సగానికి వచ్చి, అక్కడ ఆగిపోయింది. కింద కందకంలో ఒక పనివాడు పైపు మీద కూర్చుని ఆమె కేసి చూస్తున్నాడు.

"మోగిందా పెద్దమ్మా?" అని నిచ్చెన మీంచి కేకేశాడు లైన్‌మన్.

ఆమె తలెత్తింది. అతని మీసాలు సగం నెరిసి ఉన్నాయి.

"పెద్దమ్మనేమిటయ్యా? నీకంటే నాలుగేళ్ళు పెద్దదాన్నేమో, అంతే" అంది.

"సరే, అక్కా! మోగిందా లేదా?"

"మోగింది."

"మనిషి లేచి వచ్చిందంటేనే తెలిసిపోయిందిలే" అంటూ అతను పచ్చరిబ్బను కట్టేశాడు.

మర్నాడు ఇంజనీరమ్మాయి కొట్టుకు వచ్చింది. నెత్తిన పసుపు టోపీ, కాళ్ళకు బూట్లు, మొహాన నిద్ర చాలని కళ. కొట్టు ముందున్న స్టూలు మీద కూర్చుని నీళ్ళడిగి తాగింది.

"మీ తీగ మాకు చిక్కు తెచ్చిపెట్టిందమ్మా. ఎవరి లెక్కలోనూ లేదు. అయినా వాడుకలో ఉందంటున్నారు కదా, పైపులో చోటుంది, దింపేస్తాం. అటు చివర ఏముంది?"

"మా ఇల్లు."

"ఇంట్లో ఎవరుంటారు?"

"మా అక్క" అంది గుండీలమ్మ. ఇన్నేళ్ళ అలవాటు మీద నోరు తనంతట తాను తిరిగింది. "నడవలేదు. మంచం మీదే."

"అయ్యో. అయితే తప్పకుండా దింపాల్సిందే" అంది అమ్మాయి. "ఒక్కటే పద్ధతి. దింపే ప్రతి తీగకూ రెండు చివర్లా మనిషి ఉండాలి. ఒకరు అటు నొక్కాలి, ఒకరు ఇటు విని చెప్పాలి. ఒకసారి పూడ్చేశాక మళ్ళీ తవ్వలేం కదా. రేపు పొద్దున వస్తాం. మీ అక్కగారికి చెప్పి ఉంచండి."

ఆ సాయంత్రం గుండీలమ్మ మేడెక్కి చాలాసేపు స్విచ్చు దగ్గర కూర్చుంది. బియ్యం కొట్టాయన కూతుర్ని అడిగితే వచ్చి ఒక్కసారి నొక్కి పోతుంది. కానీ ఏమని అడగాలి? తానే ఇక్కడుండి నొక్కితే, కొట్టులో వినేవాళ్ళెవరు? ఎటు తిరిగినా ఒక మనిషి తక్కువ. తీగ నేలలోకి వెళ్తే ఇంకో యాభై ఏళ్ళు చెక్కుచెదరదని ఆ అమ్మాయి వెళ్తూ వెళ్తూ అన్నది. ఎండ లేదు, వాన లేదు, కాకి వాలదు. అది మాత్రం ఆమెకు నచ్చింది.

పొద్దున లైన్‌మన్ స్తంభం మీద, అమ్మాయి కొట్టు గుమ్మంలో సిద్ధమయ్యారు. కందకంలో పైపు మూతి తెరిచి ఉంది.

"నొక్కమనండక్కా!" అని కేకేశాడు లైన్‌మన్.

గుండీలమ్మ కిటికీ కేసి చూసింది. అమ్మాయి కూడా చూసింది. కిటికీలో ఏముంటుంది, కర్టెను ఉంది.

"పడుకుందేమో" అంది గుండీలమ్మ.

"పాపం, నేను వెళ్ళి లేపనా? మెల్లగా లేపుతాలెండి" అంది అమ్మాయి. ఇంటి కేసి చూసి, "అదేంటమ్మా, లోపల మనిషుండగా బయట తాళమా?"

"లేచి తలుపు తీయలేదు గనక నేనే తాళం వేసుకొస్తాను."

"అయితే ఆ తాళంచెవి ఇవ్వండి."

గుండీలమ్మ నడుముకున్న గుత్తి తీసి, ఇంటి తాళంచెవి పట్టుకుని అమ్మాయి చేతికి అందించింది. అమ్మాయి వేళ్ళు మూసింది. గుండీలమ్మ వేళ్ళు వదల్లేదు. ఇద్దరి మధ్యా గుత్తి వేలాడుతోంది.

"నొక్కమనండి! ఎండెక్కుతోంది, నేనేమన్నా వడియాన్నా ఇక్కడ ఎండడానికి?" అన్నాడు పైనుంచి లైన్‌మన్.

"పైన ఎవరూ లేరమ్మా" అంది గుండీలమ్మ. "మా అక్క పోయింది."

మాట చిన్నదే. చెప్పాక ఇంకేమైనా అవుతుందేమోనని ఆమె ఒక క్షణం ఎదురు చూసింది. బియ్యం కొట్టు ముందు ఎవరో బస్తా దించుతున్నారు. ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు చిటపటమన్నాయి.

అమ్మాయి తాళంచెవి వదిలేసింది. అబద్ధమెందుకు చెప్పావని అడగలేదు. ఆ ఒక్కపనికి గుండీలమ్మ ఆమెను ఆ తర్వాత కూడా మంచిమాటతోనే తలుచుకుంది.

"తీగ ఉంచమంటే ఉంచేస్తానమ్మా" అంది అమ్మాయి గొంతు తగ్గించి. "నేను పైకెళ్ళి నొక్కుతాను. మీరిక్కడ వినండి. రెండు చివర్లా మనుషులున్నట్టే కదా."

గుండీలమ్మ ఆలోచించింది. ఈ పిల్ల పైకెళ్తుంది, నొక్కుతుంది, గంట మోగుతుంది. తాను లేస్తుంది. లేవకుండా ఉండలేదు, మొన్న చూసుకుందిగా. రేపు పిల్ల ఇంకో వీధికి వెళ్ళిపోతుంది. తీగ నేలలో యాభై ఏళ్ళు భద్రంగా ఉంటుంది. తాను మిషను తొక్కుతూ, అది మోగుతుందేమోనని ఒక చెవి అటే పడేసి ఉంటుంది.

"వద్దమ్మా" అంది. "ఎర్రదే కట్టమను."

అమ్మాయి చెయ్యెత్తి సైగ చేసింది. లైన్‌మన్‌కు అర్థం కాలేదు. "మోగే తీగకు ఎర్రదేంటి మేడమ్?" అన్నాడు. ఆమె మళ్ళీ సైగ చేసింది. అతను కిటికీ కేసీ కొట్టు కేసీ ఒకసారి చూసి, ఇంకేం మాట్లాడకుండా కటింగ్ ప్లయర్ తీశాడు.

తీగ వీధికి అడ్డంగా పలక మీద పడింది. పడ్డ చప్పుడు కొట్టులోకి వినబడలేదు. కందకంలోని పనివాడు దాని కొస పట్టుకుని, చేతికి చుట్టుకుంటూ, మిగతా తీగల కుప్ప దగ్గరికి తీసుకుపోయాడు.

అమ్మాయి వెళ్ళిపోలేదు. స్టూలు మీద కూర్చుంది. "ఎలా ఉండేవారు మీ అక్కగారు?" అని అడిగింది.

ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. వీధిలో వాళ్ళకు తెలుసు గనక అడగలేదు.

"చేదు నోరు" అంది గుండీలమ్మ. "నా వంటకు వంక పెట్టని పూట లేదు. పెట్టి, గిన్నె నాకినట్టు తినేది." నవ్వొచ్చింది. "ఒకసారి మోగితే అన్నానికి. రెండుసార్లు మోగితే అర్జంటు. అర్జంటని నేను చెప్పులు కూడా లేకుండా పరిగెత్తి వెళ్తే, దిండు జారింది, సర్దమనేది. చంపేద్దామనిపించేది. ఇక మూడుసార్లు మోగితే..."

"మేడమ్!" అని అవతలి స్తంభం దగ్గర్నుంచి ఎవరో అరిచారు. "ఇక్కడ పైపు తప్పు చోట పెట్టారు, ఒకసారి రండి!"

అమ్మాయి లేచింది. "వస్తానమ్మా, మళ్ళీ వచ్చి వింటాను" అంది. అని, పసుపు టోపీ సరిచేసుకుంటూ కందకం అంచు వెంట గబగబా నడిచి వెళ్ళిపోయింది. ఆ మాట మనసారానే అంది గానీ, తిరిగి రాలేకపోయింది. పని ఆ రోజుకు ఆ చివర ఆగి, మర్నాటికి పక్క వీధిలోకి మళ్ళింది.

గుండీలమ్మ కాసేపు ఖాళీ స్టూలు కేసి చూసింది.

"మూడుసార్లు మోగితే ఏమీ లేదని" అంది మెల్లగా. "పనేమీ లేదు, ఊరికే నొక్కానని."

ఎవరిదో చొక్కా సగం అంచుతో మిషను మీద ఉంది. ఆమె దాన్ని తిప్పి, సూది కిందికి జరిపి, పాదంతో పెడల్ నొక్కింది.